స్పీడు ఫుల్లుంది, మాటే రావట్లేదు

కొత్తగా నెట్ పెట్టించుకున్నవాళ్ళని ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "స్పీడెంత?" యాభయ్యా, వందా, మూడొందలా? ఆ అంకె కాకుండా ఇంకో అంకె ఉంటుందనే చాలామందికి తెలీదు. తెలియాల్సిన అవసరం ఉందని ఎవరూ అనుకోరు కూడా. పాంప్లెట్ మీద ఉండదు, బిల్లు మీద ఉండదు. ఆఖరికి బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏమిటో మన ప్రభుత్వం చెప్పిన లెక్కల్లోనూ ముందుకొచ్చేది స్పీడే. 2004లో కనీసం 256 కేబీపీఎస్ అన్నారు, 2023లో అది 2 ఎంబీపీఎస్ అయింది.

ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ చదివినవాళ్ళం మాకైనా తెలియాలి కదా అంటారా? ఆ సబ్జెక్టు మన కాలేజీల్లో ఎలా చదువుతారో మీకు తెలిసిందే. "ఫ్లో కంట్రోల్‌కి, కంజెషన్ కంట్రోల్‌కి తేడాలు వ్రాయుము" అని పది మార్కుల ప్రశ్న వస్తుంది. ఎడమవైపు ఐదు పాయింట్లు, కుడివైపు ఐదు పాయింట్లు, మధ్యలో స్కేలు పెట్టి గీత. పరీక్ష అయిపోయాక ఆ గీత ఒక్కటీ గుర్తుంటుంది :)

ఈ టపా ఆ ప్రశ్న గురించే. ఎందుకో మధ్యలో చెప్తాను. ముందు ఆ గీతకి అటూ ఇటూ ఏముందో చూద్దాం.

మా సైదాబాద్ వైపు ఎండాకాలం నల్లా రాని రోజున వాటర్ ట్యాంకర్ తెప్పించుకుంటాం. ట్యాంకర్ అబ్బాయి పైపు తెచ్చి సంపులో పడేస్తాడు. మనం సంపు పక్కన నిలబడి చూస్తూ ఉంటాం, నిండుతుండగా "చాలు భాయ్, బంద్ చెయ్" అని అరుస్తాం. అతను వాల్వ్ తిప్పుతాడు. ఇదే ఫ్లో కంట్రోల్. పుచ్చుకునేవాడి దగ్గర ఎంత చోటుందో ఇచ్చేవాడికి చెప్పడం. టీసీపీలో ప్రతి ప్యాకెట్ మీదా అవతలివాడు "నా దగ్గర ఇంకా ఇంత చోటుంది" అని రాసి పంపిస్తాడు. దాన్ని విండో అంటారు.

ఆ విండోకి మొదట్లో ఇచ్చిన జాగా 16 బిట్లు. అంటే ఎక్కువలో ఎక్కువ 65,535 బైట్లు అని చెప్పగలరంతే. ఇక్కడ నుంచి అమెరికాకి ఒక ప్యాకెట్ వెళ్ళి జవాబు రావడానికి పావు సెకను పడుతుందనుకోండి. పావు సెకనుకి 64 కిలోబైట్లు, అంటే సెకనుకి దాదాపు 2 ఎంబీపీఎస్. మీరు వంద ఎంబీపీఎస్ లైను కొనండి, వెయ్యి కొనండి, ఒక కనెక్షన్ మీద అంతకన్నా రాదు. ఈ ఇబ్బంది ముందే కనిపెట్టి 1992లో ఆర్‌ఎఫ్‌సీ 1323లో విండో స్కేలింగ్ పెట్టారు, అంటే ఆ అంకెని ఇన్ని రెట్లు అనుకో అని ముందే ఒప్పందం చేసుకోవడం. మనం వాడే అన్నిట్లోనూ అది ఉంది కాబట్టి మనకి తెలీదు. ఫ్లో కంట్రోల్ సంగతి ఇంతే. ఇద్దరి మధ్య వ్యవహారం. మాట్లాడుకుంటే తీరిపోతుంది.

కంజెషన్ అలా కాదు. సంపులో చోటుంది, ట్యాంకర్‌లో నీళ్ళున్నాయి, కానీ ట్యాంకర్ ఐఎస్ సదన్ దగ్గర ఇరుక్కుపోయింది. ఇప్పుడు మీరు ఎవరి మీద అరుస్తారు? చంపాపేటలో బయల్దేరినవాడికి ఐఎస్ సదన్‌లో ఏముందో తెలీదు. సైదాబాద్‌లో ఎదురుచూసేవాడికీ తెలీదు. ఇంటర్నెట్‌లో ఇంకా ఘోరం. మధ్యలో ఉన్న రూటర్‌కి చోటు చాలకపోతే ప్యాకెట్‌ని అక్కడే పారేస్తుంది. సారీ కూడా చెప్పదు.

1984లో జాన్ నేగల్ అనే ఆయన ఆర్‌ఎఫ్‌సీ 896లో హెచ్చరించాడు, ఇలా ఉంటే ఏదో ఒకరోజు మొత్తం కుప్పకూలుతుందని. అన్నట్టే 1986 అక్టోబరులో కూలింది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబుకీ, అక్కడి యూనివర్సిటీకీ మధ్య దూరం 400 గజాలు. మా గల్లీ నుంచి మెయిన్ రోడ్డు అంతకన్నా దూరం. ఆ రెండిటి మధ్య 32 కేబీపీఎస్ రావాల్సింది 40 బీపీఎస్‌కి పడిపోయింది. కిలో కాదు, బిట్లు, నలభై. సెకనుకి ఐదు అక్షరాలు! పోస్ట్‌కార్డు రాసి చేతికిచ్చొస్తే తొందరగా చేరేది.

లైన్లు తెగలేదు, మిషన్లు ఆగలేదు. ప్యాకెట్ పోయింది అనుకున్న ప్రతివాడూ ఇంకోటి పంపాడు. అది కూడా రాలేదని మళ్ళీ పంపాడు. రోడ్డు నిండా తిరిగొచ్చిన బళ్ళే. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడు ఇంటికి ఫోన్ చేసి "నేను రాలేను గానీ ఇంకో బండిలో నన్నే మళ్ళీ పంపించు" అంటే ఎలా ఉంటుంది? అలాగన్నమాట.

వాన్ జేకబ్సన్, మైకేల్ కేరెల్స్ కూర్చుని దీనికి మందు కనిపెట్టారు. 1988లో వచ్చిన పేపర్. ఆ పేపర్ ఇప్పుడు చదివినా అర్థమయ్యేట్టే ఉంటుంది, మన ఆల్-ఇన్-వన్‌లకన్నా నయం. సారాంశం ఏమిటంటే ఒక ప్యాకెట్ అవతలికి చేరిందని జవాబొచ్చాకే ఇంకోటి లోపలికి వదులు. మొదట్లో కొద్దిగా పంపు, జవాబులొచ్చేకొద్దీ రెట్టింపు చేసుకుంటూ పో. దీన్ని స్లో స్టార్ట్ అన్నారు, అందులో స్లో ఏమీ లేదు, ఒకటి రెండు నాలుగు ఎనిమిది. ఎక్కడైనా ప్యాకెట్ పోయిందా, మధ్యలో ఎక్కడో నిండిపోయిందని అర్థం చేసుకుని సగానికి తగ్గు. తర్వాత మెల్లిగా ఒక్కొక్కటే పెంచుకో. పెంచేటప్పుడు ఒక్కో మెట్టు, తగ్గించేటప్పుడు సగం. ఇలా చేస్తే అందరికీ సమానంగా వస్తుందని 1989లో చియు, రాజ్ జైన్ లెక్క గట్టి చూపించారు.

నాకు ఇందులో ఆశ్చర్యం కలిగించేది లెక్క కాదు. ఇందులో పోలీసు లేడు. తగ్గమని చెప్పేవాడు లేడు, తగ్గకపోతే చలాన్ రాసేవాడు లేడు. ప్రతివాడూ తన ఇంట్లో కూర్చుని, "నా ప్యాకెట్ పోయింది, అంటే పక్కవాళ్ళకి కూడా ఇబ్బందిగా ఉంది" అనుకుని తనంతట తను తగ్గాలి. దాదాపు నలభై ఏళ్ళుగా ఇంటర్నెట్ నడుస్తోంది ఈ మర్యాద మీద. మలక్‌పేట రైల్ బ్రిడ్జి కింద వానాకాలం సాయంత్రం చూసినవాళ్ళెవరూ ఇది నమ్మరు :)

అన్నట్టు ఆ "మొదట్లో కొద్దిగా" అంటే ఎంత అన్నదాని మీద కూడా పెద్ద చర్చ జరిగింది. 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3390 ప్రకారం మూడు నాలుగు ప్యాకెట్లు. 2010లో గూగుల్ వాళ్ళు దాన్ని పది చేద్దామని ఒక పేపర్ రాశారు. వెబ్ పేజీలు చిన్నవి, మెల్లిగా మెట్లెక్కుతుండగానే పేజీ అయిపోతోంది, మొదటి అడుగే పెద్దది వేస్తే పోలా అని వాదన. సగటున పది శాతం దాకా ఆలస్యం తగ్గిందని చూపించారు. ఆ పేపర్లో మొదటి పేరు నందిత దుక్కిపాటి. దుక్కిపాటి అన్న ఇంటిపేరు చూడగానే తెలుగువాడెవడైనా ఒక్క క్షణం ఆగుతాడా లేదా? నేనూ ఆగాను. అంతకుముందు స్టాన్‌ఫర్డ్‌లో ఆవిడ పీహెచ్‌డీ కూడా కంజెషన్ కంట్రోల్ మీదే. 2011లో లైనక్స్ ఆ పదిని తీసుకుంది, 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6928గా వచ్చింది. మీరు ఈ పేజీ తెరిచినప్పుడు మొదటి విడతలో వచ్చింది బహుశా ఆ పది ప్యాకెట్లే. మన దగ్గర క్రికెటర్ మేనమామ కొడుక్కి కూడా సన్మానాలు చేస్తారు గానీ ఇలాంటివి పేపర్లో ఒక మూలైనా వేయరు. సరే, విషయానికొద్దాం.

ఇక్కడిదాకా కథ బాగానే ఉంది. ఈ మందు పనిచెయ్యాలంటే ఒక షరతుంది. మధ్యలో నిండిపోగానే ప్యాకెట్ పోవాలి. పోతేనే పంపేవాడికి తెలుస్తుంది. పోకపోతే?

దీనికి ముందు మూసీ గురించి చెప్పాలి. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద గురించి హైదరాబాదీలకి ఎవరూ చెప్పక్కర్లేదు. దాదాపు పదిహేను వేలమంది పోయారంటారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఊరికి పైన రెండు చెరువులు కట్టి వరదని అక్కడ ఆపుదామన్నాడాయన. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. మా భాషలో చెప్పాలంటే అవి బఫర్లు. ఒక్కసారిగా వచ్చిపడేదాన్ని పట్టి ఉంచి, కింద నది మొయ్యగలిగినంతే వదలడానికి.

అయితే అవే చెరువులు ఊరికి మంచినీళ్ళు కూడా ఇచ్చాయి. ఇక్కడే తిరకాసు. మంచినీళ్ళకైతే చెరువు ఎప్పుడూ నిండుగా ఉండాలి. వరదకైతే ఖాళీగా ఉండాలి. నిండా ఉన్న చెరువు వరదని ఆపలేదు, పైనుంచి ఎంతొస్తే అంత కిందికి వదలడమే. 2022 జూలైలో రెండిటి గేట్లూ ఎత్తారు, మూసారాంబాగ్ బ్రిడ్జి మీదికి నీళ్ళొచ్చి మూసేశారు. మా వైపు నుంచి అంబర్‌పేట వెళ్ళేవాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కాబట్టి బఫర్ ఎంత పెద్దది అన్నది సగం ప్రశ్నే. అది మామూలు రోజున ఎంత ఖాళీగా ఉంటోంది అన్నది మిగతా సగం.

ఇప్పుడు రూటర్ దగ్గరికి రండి. మెమొరీ చవకైంది. తయారుచేసేవాళ్ళు "ప్యాకెట్ పోవడం చెడ్డ విషయం కదా, పెద్ద బఫర్ పెడితే పోదు" అనుకున్నారు. వినడానికి బానే ఉంది. కానీ అవతల టీసీపీ ఉంది. అది ప్యాకెట్ పోయేదాకా పెంచుకుంటూ పోతుంది, దాని స్వభావమే అంత. బఫర్ పెద్దదైతే దాన్ని కూడా నింపేదాకా ఊరుకోదు. నింపాక, ఒకటి పోయాక, కొంచెం తగ్గి, మళ్ళీ నింపుతుంది. అంటే ఎవరో ఒకళ్ళు పెద్ద ఫైలు పంపిస్తున్నంతసేపూ ఆ చెరువు నిండే ఉంటుంది. తర్వాత వచ్చిన ప్రతి ప్యాకెట్టూ, అది ఎంత చిన్నదైనా, ఎంత అర్జెంటైనా, ఆ క్యూ వెనకాల నిలబడాలి. 2010లో జిమ్ గెటీస్ అనే ఆయన తన ఇంట్లోనే ఈ జబ్బు చూశాడు. ఫైళ్ళు కాపీ చేస్తుంటే నెట్ అధ్వాన్నమైపోతోందని తవ్వుకుంటూ పోయి, బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. బఫర్ ఉబ్బు. ఉబ్బురోగం అందామా?

మా ఇంట్లో ఈ ఉబ్బు ఎలా కనిపించిందో ఇప్పుడు చెప్తాను.

అమ్మకి రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి కొన్ని నెలలకి చాలావరకు మామూలైంది. మాట రాలేదు. రాలేదంటే గొంతు బానే ఉంది, చెప్పేది అర్థమవుతుంది, కానీ ఆ మాట ఎక్కడుందో దొరకదు. గ్లాసు చూపిస్తే అదేమిటో తెలుసు, దాంతో ఏం చేస్తారో తెలుసు, "గ్లాసు" అనే మాట మాత్రం నాలుగైదు సెకన్లు వెతుక్కుంటే గానీ రాదు. కూరగాయల బండాయనతో ఉర్దూలో బేరం, అదే నోటితో పక్కనే పాలావిడతో తెలుగులో మంచీచెడ్డా, ఇలా గల్లీ అంతా ఆవిడ గొంతే వినపడేది. చుట్టూ అంతా ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయింది.

స్పీచ్ థెరపీకి వెళ్ళాల్సిన ఆసుపత్రి ఊరికి అటు చివర. పోను రాను సగం రోజు, ఆ సగం రోజుకి అమ్మ ఇంకో రెండ్రోజులు అలిసిపోయేది. అందుకని వారానికి మూడ్రోజులు సాయంత్రం ఆరింటికి వీడియో కాల్‌లో పెట్టుకున్నాం. థెరపిస్ట్ మేడమ్ చాలా ఓపిక మనిషి. స్క్రీన్ మీద బొమ్మ చూపిస్తుంది. దువ్వెన బొమ్మ. "ఇదేంటమ్మా? తొందరేం లేదు, చెప్పండి." లెక్కపెట్టుకుని ఐదు సెకన్లు ఆగుతుంది. అమ్మ చెప్పలేకపోతే మొదటి అక్షరం అందిస్తుంది, "దు..." అని. అది పట్టుకుని అమ్మ మిగతాది లాగుతుంది. ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు అందించాలి అన్నదే ఆ వైద్యంలో సగం.

మొదటి పది నిమిషాలు బాగా జరిగేది. తర్వాత ఏదో అయ్యేది. అమ్మ "దువ్వెన" అనేది, సరిగ్గానే. కానీ అవతల మేడమ్‌కి అది చేరేలోపు ఐదు సెకన్లు అయిపోయి ఆవిడ "దు..." అనేది. చెప్పాక కూడా మళ్ళీ అందిస్తున్నారంటే తప్పు చెప్పానేమో అనుకునేది అమ్మ. ఇంకో మాట కోసం వెతికేది. అప్పటికి మొదట చెప్పిన "దువ్వెన" చేరి మేడమ్ "శభాష్" అనేది. ఏ మాటకి శభాషో అమ్మకి తెలిసేది కాదు. రెండు మూడు సార్లు ఇలా అయ్యాక నోరు మూసేసుకుని తల అడ్డంగా ఊపేది. "నావల్ల... కాదు" అని ఆ రెండు మాటలు మాత్రం స్పష్టంగా వచ్చేవి.

నెట్ ఇచ్చేవాళ్ళకి ఫోన్ చేస్తే ఒక కుర్రాడు వచ్చాడు. ఫోన్ తీసి స్పీడ్ టెస్ట్ పెట్టి చూపించాడు. "చూస్కో అన్నా, యాభై ప్లాన్, నలభై తొమ్మిది వస్తుంది. ఫుల్ ఉంది." నిజమే, ఫుల్లుంది. ఆ కుర్రాడి తప్పేం లేదు, వాడికి ఇచ్చిన కొలబద్ద అదొక్కటే. తమాషా ఏంటంటే ఆ టెస్ట్ నడుస్తున్న అరనిమిషమూ పక్క గదిలో కాల్ పూర్తిగా బిగుసుకుపోయింది. జ్వరం చూసే మిషనే జ్వరం తెప్పించినట్టు. నాన్న అయితే "మూడొందల ప్లాన్ తీస్కుందాం రా, పోతే పోనీ పైసలు" అన్నాడు.

నేను ల్యాప్‌టాప్‌లో పింగ్ పెట్టి కూర్చున్నాను. ఐదున్నరకి 12 మిల్లీసెకన్లు. ఆరుంపావుకి 800 పైన. ప్యాకెట్లు పోవట్లేదు సుమా, ఒక్కటీ పోవట్లేదు! అన్నీ పద్ధతిగా ముప్పావు సెకను లేటుగా వెళ్తున్నాయి. తమ్ముడు కాలేజీ నుంచి ఆరింటికి వస్తాడు. వాడి ఫోన్ ఇంటి వైఫై పట్టుకోగానే ఆ రోజు తీసిన వీడియోలన్నీ బ్యాకప్‌కి ఎక్కించడం మొదలుపెడుతుంది. మా లైను అప్‌లోడ్ ఐదు ఎంబీపీఎస్. 0.8 సెకన్లంటే ఐదు లక్షల బైట్ల క్యూ. అంత సామాను ముందు నిలబడి ఉంటే, వెనకాల అమ్మ చెప్పిన ఒక్క "దువ్వెన" నిలబడి ఉందన్నమాట.

ఇందులో ఇంకో అన్యాయం ఉంది, అది నాకు కోపం తెప్పించింది. ఇలాంటి వీడియో కాల్స్ చాలావరకు టీసీపీ వాడవు, వాటికి వాటి సొంత కంజెషన్ కంట్రోల్ ఉంటుంది. ఆలస్యం పెరుగుతోందని గమనించగానే, ప్యాకెట్ పోకముందే, అవి తమంతట తాము తగ్గుతాయి. బొమ్మ నాణ్యత తగ్గించుకుంటాయి. ఎంత మర్యాద! కానీ పక్కన బ్యాకప్ చేసే టీసీపీ ప్యాకెట్ పోతే తప్ప తగ్గదు. కాల్ వదిలిన చోటుని కూడా అదే ఆక్రమిస్తుంది. కాల్ ఇంకా తగ్గుతుంది. ఇది కొత్త సంగతేం కాదు, 1994లో ఆలస్యం చూసి తగ్గే టీసీపీ వేగాస్ వచ్చినప్పుడూ ఇదే కథ. అది ఒంటరిగా ఉంటే బంగారం. పాతరకం వాటి పక్కన పెడితే దానికి ఏమీ మిగలదు. ముందుగా తగ్గేవాడికి మిగిలేది ఇంకాస్త వెయిటింగ్. 2016లో గూగుల్ తెచ్చిన బీబీఆర్ దీనికి ఉల్టా, చిన్న బఫర్లున్న చోట అది పక్కనున్న క్యూబిక్ వాటా తినేస్తోందని గోల. పోలీసు లేని వ్యవస్థ బాగుందని పైన మురిసిపోయాను కదా, దాని ఖరీదు ఇదీ.

మందు ఉంది. 2012లో అదే వాన్ జేకబ్సన్, క్యాథ్లీన్ నికల్స్‌తో కలిసి కోడెల్ అని రాశాడు. క్యూ ఎంత పొడుగుందని చూడొద్దు, ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలబడిందో చూడు అంటుంది అది. ఒక్కసారిగా వచ్చి కాసేపట్లో కరిగిపోయే క్యూ మంచిదే, చెరువు ఉన్నది అందుకే. వంద మిల్లీసెకన్లపాటు చూసినా ఆలస్యం ఐదు మిల్లీసెకన్ల కిందికి దిగకపోతే మాత్రం అది నిలవ ఉన్న క్యూ, అప్పుడు ఒక ప్యాకెట్ పారెయ్. పంపేవాడికి బుద్ధొస్తుంది.

దానికి ఇంకొకటి జోడించారు, ఎఫ్‌క్యూ అని. మీసేవలో మీ ముందు నలభై అప్లికేషన్లు పట్టుకున్న ఏజెంటు నిలబడ్డాడనుకోండి, మీ చేతిలో ఒక్కటే ఉంది. మామూలుగా అయితే అతని నలభై అయ్యేదాకా మీరు గోడకేసి చూడాలి. అలా కాకుండా ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క అప్లికేషన్ చొప్పున తీసుకుంటే? మీరు రెండో నిమిషంలో బయటుంటారు, అతనికి కూడా పెద్ద నష్టం లేదు. ఈ రెండూ కలిపిన ఎఫ్‌క్యూ-కోడెల్ 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290గా వచ్చింది. దీని కోసం ఊరూరా తిరిగి అరిచి పోట్లాడినవాడు డేవ్ టాట్. 2025 ఏప్రిల్‌లో చనిపోయాడు. మా ఇంట్లో ఆయన పేరు నా ఒక్కడికే తెలుసు.

నా దగ్గర మూలపడి ఉన్న ఒక పాత రూటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించి ఎఫ్‌క్యూ-కోడెల్ ఆన్ చేశాను. ఒక చిన్న కిటుకుంది. ఐదు ఎంబీపీఎస్ లైనుకి మన రూటర్‌లో నాలుగున్నరే అని పెట్టుకోవాలి. ఎందుకంటే క్యూ ఎక్కడ కడితే అక్కడే మనం పెత్తనం చెయ్యగలం. పూర్తి ఐదూ వదిలితే క్యూ వెళ్ళి కంపెనీవాడి డబ్బాలో కడుతుంది, దాని మీద మనకి హక్కు లేదు. కాస్త తక్కువ వదిలితే క్యూ మన ఇంట్లోనే ఉంటుంది. డౌన్‌లోడ్ కూడా యాభైకి నలభై ఐదు. నాన్నకి ఇది ఎంత చెప్పినా మింగుడు పడలేదు. "పైసలు కట్టిన స్పీడు మనమే తగ్గించుకునుడేంది?" మంచి ప్రశ్నే. పదో వంతు పోగొట్టుకుని ఏం వచ్చిందంటే, తమ్ముడి బ్యాకప్ నడుస్తుండగా పింగ్ 20, 25. మూడొందల ప్లాన్‌తో ఇది వస్తుందన్న గ్యారంటీ లేదు. క్యూ తొందరగా కరిగేమాట నిజమే, టీసీపీ మళ్ళీ నింపేమాట కూడా అంతే నిజం.

అమ్మకి మాటలు రూటర్ వల్ల వచ్చాయని ఎక్కడా అనను. ఆవిడ కష్టం, ఆ మేడమ్ ఓపిక. ఇప్పటికీ చాలా మాటలు దొరకవు. కానీ చెప్పిన మాట చెప్పినప్పుడే అవతలికి వెళ్తోంది. శభాష్ ఏ మాటకో తెలుస్తోంది. తల అడ్డంగా ఊపడం తగ్గింది. మొన్న ఒక రోజు మేడమ్ తాళంచెవి బొమ్మ చూపిస్తే అమ్మ "చాబీ" అంది. మేడమ్ నవ్వి తెలుగులో చెప్పమంటే "రెండూ... ఒకటే" అంది.

నాకు మింగుడు పడనిది ఒకటే. ఈ కోడ్ ఉచితం. చాలా ఏళ్ళుగా లైనక్స్‌లో ఉంది. నెట్ ఇచ్చేవాళ్ళు తమ డబ్బాల్లో ఇది వేసి పంపిస్తే గల్లీ మొత్తానికి పనిచేస్తుంది. వెయ్యరు. ఎందుకంటే స్పీడ్ టెస్ట్‌లో నలభై తొమ్మిది బదులు నలభై ఐదు కనిపిస్తుంది, పక్క కంపెనీవాడికి నలభై తొమ్మిది ఉంటుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే మన దేశంలో వీడియో కంపెనీలన్నీ కూడబలుక్కుని ఏప్రిల్ 14 దాకా మొబైల్ నెట్‌వర్క్‌ల మీద 480పీ దాటనివ్వమని ప్రకటించాయి. అంటే అవసరం అనుకుంటే అందరూ కలిసి తగ్గగలరు. అప్పుడు ఎవరూ "మా స్పీడు తగ్గింది" అని పోట్లాడలేదు. మా గల్లీలో అలా వీడియో కాల్‌లో వైద్యం చేయించుకునేవాళ్ళు మేమొక్కళ్ళమే అయ్యుండం. మిగతా ఇళ్ళల్లో ఇంజినీరు ఉండాలని రూలు లేదు కదా?

మీ ఇంట్లో చూసుకోవాలంటే పెద్ద పనేం లేదు. ఒక పింగ్ పెట్టి, ఫోన్ నుంచి ఒక పెద్ద వీడియో అప్‌లోడ్ చెయ్యండి, అంకె ఎక్కడికి పోతుందో చూడండి. పింగ్ అంటే బెరుకైతే, ఇప్పుడు కొన్ని స్పీడ్ టెస్టులు లోడ్ ఉన్నప్పుడు ఆలస్యం ఎంతో కూడా విడిగా చూపిస్తున్నాయి, మెయిన్ అంకె కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండంకెల్లో ఉంటే అదృష్టవంతులు. మూడంకెలైతే మీ ఇంట్లోనూ ఉబ్బే.

పోయిన నెల రోడ్డు తవ్వకాల్లో కేబుల్ తెగితే అదే కుర్రాడు మళ్ళీ వచ్చాడు. లైను కలిపాక అలవాటు ప్రకారం టెస్ట్ పెట్టి, "అన్నా, నలభై నాలుగే వస్తుందేంది?" అని కంగారుపడ్డాడు. నేనే తగ్గించానని చెప్తే అనుమానంగా చూశాడు. టెస్ట్ నడుస్తుండగా పింగ్ చూపించాను, తర్వాత మా రూటర్ తీసేసి వాళ్ళ డబ్బా తగిలించి మళ్ళీ చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. వాళ్ళ అక్క ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూలు ఇస్తోందట, మధ్యలో ఆగిపోతుందని రెండుసార్లు ఇంట్లో గొడవైందట. కంపెనీ ఇచ్చే డబ్బాల్లో వేటికి ఇది ఎక్కుతుందో రాసివ్వమన్నాడు. ఆ రాత్రి కూర్చుని చూశాను. వాళ్ళు వాడే నాలుగు మోడళ్ళలో ఒకదానికి ఎక్కుతుంది.